భయపెట్టేదీ వాళ్లే, ఓదార్చేదీ వాళ్లే: డిస్‌ఆర్గనైజ్డ్ అటాచ్‌మెంట్ అంటే ఏమిటి?

ఏడాది దాటిన పాప. బొమ్మలున్న కొత్త గది. తల్లి మూడు నిమిషాలు బయటికి వెళ్లి తిరిగొచ్చింది. పాప ఏడుస్తూ తల్లి వైపు బయల్దేరింది. సగం దూరంలో ఆగిపోయింది. ఒక చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది, ముఖం మాత్రం గోడ వైపు తిరిగింది. కొన్ని సెకన్లు కదల్లేదు. తర్వాత ఏమీ జరగనట్టు నేల మీద కూర్చుండిపోయింది.

చూసేవాళ్లకు ఇదేం పెద్ద విషయంగా కనిపించదు. మన ఇళ్లలోనైతే ‘నిద్రొస్తోందేమో’ అంటారు, లేదా ‘నజర్ తగిలింది’ అని మిరపకాయలు తిప్పేస్తారు. కానీ ఇలాంటి కొన్ని సెకన్ల మీదే పిల్లల మనస్తత్వ శాస్త్రంలో దాదాపు 40 ఏళ్లుగా పరిశోధన నడుస్తోంది. దానికి పెట్టిన పేరు డిస్‌ఆర్గనైజ్డ్ అటాచ్‌మెంట్. తెలుగులో ‘చెదిరిన అనుబంధం’ అనుకోవచ్చు.

ఈమధ్య రీల్స్‌లో, యూట్యూబ్ వీడియోల్లో ఈ మాట బాగా తిరుగుతోంది. భర్త సరిగ్గా మాట్లాడకపోయినా, మంగ్నీ అయ్యాక సంబంధం తప్పిపోయినా ‘వాడి అటాచ్‌మెంట్ స్టైలే అంత’ అని ముద్ర వేసేస్తున్నారు. అసలు సంగతి అంత తేలికైనది కాదు. అలాగని అంత భయపడాల్సిందీ కాదు.

మొదలు ఎక్కడ

బ్రిటన్‌కు చెందిన మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ ఈ శాస్త్రానికి మూలపురుషుడు. తల్లిదండ్రులకు దూరమైన పిల్లల గురించి 1951లో ఆయన ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఒక నివేదిక రాశారు. బిడ్డ తల్లిని అంటిపెట్టుకునేది పాల కోసం మాత్రమే అని అప్పట్లో చాలామంది అనుకునేవాళ్లు. బౌల్బీ కాదన్నారు. ఆకలి లేకపోయినా, భయం వేసినప్పుడు బిడ్డకు పరుగెత్తడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఒడి దొరికితే భయం తగ్గుతుంది, మళ్లీ ఆటకు పోతుంది. అటాచ్‌మెంట్ అంటే స్థూలంగా ఇదే. ఎంత ముద్దు చేశారు, ఎన్ని బొమ్మలు కొన్నారు అన్నది దీని లెక్కలోకి రాదు.

బౌల్బీతో పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ 1954, 55లలో ఉగాండాలోని కంపాలా దగ్గరి పల్లెల్లో 26 కుటుంబాల ఇళ్లకు వెళ్లి తల్లుల్నీ పసిపిల్లల్నీ గమనించారు. ఆ తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ‘స్ట్రేంజ్ సిచువేషన్’ అనే పరీక్ష తయారుచేశారు. సుమారు 20 నిమిషాలు పడుతుంది. తల్లి రెండుసార్లు గది వదిలి వెళ్తుంది, రెండుసార్లు తిరిగొస్తుంది. మధ్యలో తెలియని మనిషి ఒకరు వస్తారు. వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చింది అన్నదానికంటే, తిరిగొచ్చినప్పుడు ఏం చేసింది అన్నదే ముఖ్యం.

పరిశోధకులకు మూడు రకాల పిల్లలు కనిపించారు. కొందరు తల్లి దగ్గరికి వెళ్లి, ఊరట పొంది, మళ్లీ ఆడుకున్నారు. వీళ్లది భద్రమైన అనుబంధం. కొందరు తల్లిని పట్టించుకోనట్టు బొమ్మల్లో మునిగిపోయారు. ఇంకొందరు ఎత్తుకోమని ఏడ్చి, ఎత్తుకుంటే తన్ని, ఎంతకీ ఊరుకోలేదు. చివరి రెండు రకాలూ ఇబ్బందిగా కనిపించినా, వాటిలో ఒక పద్ధతి ఉంది. ఏడిస్తే విసుక్కునే ఇంట్లో బిడ్డ ఏడుపు దాచుకోవడం నేర్చుకుంటుంది. ఒకసారి పట్టించుకుని ఇంకోసారి వదిలేసే ఇంట్లో గొంతు పెంచడం నేర్చుకుంటుంది. ఆ ఇంటికి ఆ ఉపాయం పనిచేస్తుంది.

ఏ గుంపులోకీ రాని పిల్లలు

కొన్ని వీడియోలు మాత్రం ఈ మూడింటిలో ఎక్కడా ఇమడలేదు. ఎయిన్స్‌వర్త్ శిష్యురాలు మేరీ మెయిన్, సహ పరిశోధకురాలు జుడిత్ సోలమన్ కలిసి కాలిఫోర్నియాలోని బర్కిలీలో అలాంటి 200 టేపులు పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చూశారు. తల్లి వైపు వెనక్కి నడిచే పిల్లలు, చేతులు చాపి తల తిప్పేసుకునేవాళ్లు, బొమ్మలా బిగుసుకుపోయేవాళ్లు, తల్లి లోపలికి రాగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. 1986లో ఈ నాలుగో గుంపుకు పేరు పెట్టారు. 1990లో దాని గుర్తుల్ని ఏడు తలకట్ల కింద వివరంగా రాశారు.

ఎందుకిలా? మెయిన్, ఆమె భర్త ఎరిక్ హెస్సే చెప్పిన కారణం వినడానికి చాలా చిన్నది. బిడ్డకు భయం వేస్తే ఒంట్లో రెండు ఆజ్ఞలు పుడతాయి. ఒకటి, భయపెట్టేదాని నుంచి దూరంగా పో. రెండు, నీ మనిషి దగ్గరికి పో. మామూలుగా ఈ రెండూ ఒకే దిక్కు. కుక్క వెంటపడితే కుక్కకు దూరంగా, అమ్మకు దగ్గరగా పరుగెత్తుతారు. కానీ భయపెట్టింది అమ్మో నాన్నో అయితే? రెండు ఆజ్ఞలూ ఢీకొంటాయి. ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు. దీన్నే వాళ్లు పరిష్కారం లేని భయం అన్నారు. గాల్లో ఆగిపోయిన ఆ చెయ్యి అర్థం అది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చదవాలి. భయపెట్టడం అంటే కొట్టడం ఒక్కటే కాదు. కొట్టడం, కేకలు, ఇంట్లో భార్యాభర్తల మధ్య హింస ఇవన్నీ కారణాలే. కానీ ఎప్పుడూ చెయ్యెత్తని తల్లుల పిల్లల్లోనూ ఈ గుర్తులు కనిపించాయి. వాళ్లలో చాలామంది తమ జీవితంలో ఒక పెద్ద దుఃఖాన్ని, మరణాన్నో చిన్ననాటి దెబ్బనో, ఇంకా దాటలేకపోయినవాళ్లు. బిడ్డకు పాలు పడుతూ పడుతూ కళ్లు ఎక్కడో నిలిచిపోతాయి. పిలిచినా పలకరు. లేదా ఏదో గుర్తొచ్చి ముఖంలో ఒక్కసారిగా భయం పరుచుకుంటుంది. గదిలో భయపడాల్సింది ఏమీ లేదు. బిడ్డకు కనిపించేది అమ్మ ముఖంలో భయం, అంతే. కారణం తెలియదు కాబట్టి అమ్మే భయం అవుతుంది.

మొదటి బిడ్డను పోగొట్టుకున్న ఏడాదికే రెండో కాన్పు అయిన తల్లులు మన చుట్టూ ఎంతమంది! ‘సబర్ చెయ్యి, ఏడిస్తే బిడ్డకు మంచిది కాదు’ అని చెప్పి, ఆ దుఃఖాన్ని నోరెత్తనివ్వకుండా మూత పెట్టేస్తాం. సబర్ మంచి మాటే. కానీ ఏడవనివ్వకపోవడాన్ని సబర్ అనుకోవడం దగ్గర పొరపాటు జరుగుతోంది.

పేదరికం సంగతీ ఉంది. 2010లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణలో, తక్కువ ఆదాయం, తక్కువ చదువు, చిన్న వయసులో తల్లి కావడం, ఒంటరి తల్లి వంటి కష్టాలు ఐదు లేదా అంతకంటే ఎక్కువ ఒకే ఇంటి మీద పడితే, ఆ పిల్లల్లో చెదిరిన అనుబంధం దాదాపు హింసకు గురైన పిల్లల్లో ఉన్నంత కనిపించింది. అంటే నేరం తల్లి మీద వేసి చేతులు దులుపుకోవడానికి లేదు. పుట్టుకతో వచ్చే బిడ్డ స్వభావానికీ దీనికీ పెద్దగా సంబంధం కనిపించలేదు.

వెనక్కి లెక్క కట్టొద్దు

1999లో వచ్చిన విశ్లేషణ ప్రకారం పెద్దగా సమస్యలు లేని మధ్యతరగతి కుటుంబాల్లోనే 15 శాతం పిల్లలు ఈ గుంపులోకి వచ్చారు. హింసకు, నిర్లక్ష్యానికి గురైన పిల్లల్లో అది సుమారు 48 శాతం. 2023లో 20 వేలకు పైగా పిల్లల లెక్కలు, కష్టాలున్న ఇళ్లవీ లేని ఇళ్లవీ అన్నీ కలిపి చూస్తే 23 శాతం పైచిలుకు తేలింది. ఈ అంకెలు చెప్పేది ఏమిటంటే, హింస ఉన్న ఇళ్లలోనూ సగం మంది పిల్లలు ఈ గుంపులో లేరు. హింస లేని ఇళ్లలోనూ కొందరు ఉన్నారు. కాబట్టి బిడ్డ బిగుసుకుపోయింది కదా అని ఆ తల్లి కొడుతోందని తీర్మానించడం తప్పు. కొన్ని దేశాల్లో పిల్లల సంరక్షణ కేసుల్లో ఇలాంటి తీర్మానాలు మొదలవడంతో, 2017లో ఈ రంగంలోని ప్రముఖ పరిశోధకులు చాలామంది కలిసి దీన్ని అలా వాడొద్దని ఒక ప్రకటన రాశారు. మేరీ మెయిన్ కూడా అందులో ఉన్నారు.

ఇది జబ్బు పేరు కాదు. డాక్టర్ చీటీ మీద రాసే రోగ నిర్ధారణా కాదు. శిక్షణ పొందిన మనిషి వీడియో చూసి ఇచ్చే వర్గం మాత్రమే. బిడ్డ బాగా అలిసిపోయినా, తల్లికి ఎక్కువ సేపు దూరంగా ఉన్నా, నరాల సంబంధమైన ఇబ్బంది ఉన్నా ఇలాంటి కదలికలు కనిపించవచ్చు. దుబాయ్ నుంచో రియాద్ నుంచో రెండేళ్లకు ఇంటికొచ్చిన తండ్రిని చూసి పిల్లవాడు అమ్మ కొంగు వెనక దాక్కుంటే, అది చెదిరిన అనుబంధం కాదు. వాడికి ఆయన కొత్త మనిషి. నాలుగు రోజులు టైమ్ ఇస్తే చాలు. ఆ నాలుగు రోజులు ఆగలేక ‘నాన్నను గుర్తు పట్టవా’ అని గద్దించేవాళ్లే ఎక్కువ.

ఇంకో ముఖ్యమైన విషయం, ఈ వర్గం బిడ్డకు చెందదు, ఇద్దరి మధ్య బంధానికి చెందుతుంది. తల్లితో చెదిరిన అనుబంధం ఉన్న బిడ్డకు తండ్రితో భద్రమైన బంధం ఉండొచ్చు. దాదీ, నానీ, ఖాలా ఉన్న ఇల్లు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. భయపెట్టని పెద్దమనిషి ఒక్కరు నిలకడగా ఉన్నా తేడా పడుతుంది. అయితే ఇంటి నిండా జనం ఉన్నంత మాత్రాన కాదు. బిడ్డ ఏడిస్తే ఎవరి దగ్గరికి పోతుందో ఆ మనిషి రోజూ అక్కడ ఉండాలి.

ఆరేళ్లకు ముఖం మారుతుంది

బిగుసుకుపోయే పసిబిడ్డ ఎప్పుడూ అలాగే ఉండదు. మెయిన్, జూడ్ కాసిడీ ఇదే పిల్లల్ని ఆరేళ్ల వయసులో చూసినప్పుడు చాలామంది ఒక కొత్త ఉపాయం కనిపెట్టుకున్నారు. పగ్గాలు తమ చేతిలోకి తీసుకున్నారు. కొందరు తల్లిదండ్రుల మీద అరుస్తారు, ఆజ్ఞలు వేస్తారు, నలుగురిలో చిన్నబుచ్చుతారు. మరికొందరు సరిగ్గా దీనికి ఉల్టా. అమ్మ ముఖం చూసి మూడ్ కనిపెడతారు, ఆమెను నవ్వించడానికి చూస్తారు, తమ్ముళ్ల పని చూసుకుంటారు, తమకు కావాల్సింది అడగరు.

మొదటి రకాన్ని ‘మొండి’ అని కొడతాం. రెండో రకాన్ని ‘మాషా అల్లాహ్, ఎంత బుద్ధిమంతురాలు’ అని మెచ్చుకుంటాం. పని నేర్చుకునే ఆడపిల్లలందరూ ఇలా అని కాదు. అమ్మ బాగుంటేనే తనకు భద్రత అని ఏడేళ్ల పిల్ల నిద్ర మానుకుని కాపలా కాస్తుంటే మాత్రం దాన్ని మెచ్చుకోలు కింద కొట్టేయకూడదు.

స్కూల్లో ఈ పిల్లలకు కొట్లాటలు, కోపం సమస్యలు కాస్త ఎక్కువ అని చాలా అధ్యయనాలు కలిపి చూసినప్పుడు తేలింది. తేడా ఉంది గానీ మరీ పెద్దది కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో పేద తల్లుల పిల్లల్ని 1970ల నుంచి పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనంలో, పసితనంలో చెదిరిన అనుబంధం ఉన్నవాళ్లలో కొందరికి టీనేజ్‌లో ఒత్తిడి వచ్చినప్పుడు మనసు మొద్దుబారి, తామక్కడ లేనట్టు అనిపించే లక్షణాలు ఎక్కువ కనిపించాయి.

నికాహ్ తర్వాత

పెద్దవాళ్ల మీద పరిశోధన రెండు దారుల్లో నడిచింది. చాలా వీడియోలు వీటిని కలగాపులగం చేస్తాయి.

మొదటిది మెయిన్ బృందం 1980లలో తయారుచేసిన ఇంటర్వ్యూ. గంట సేపు చిన్నతనం గురించి అడుగుతారు. ఏం జరిగింది అన్నదానికంటే ఎలా చెప్పారు అన్నది చూస్తారు. ఒక మరణం గురించో దెబ్బల గురించో మాట్లాడేటప్పుడు మనిషి దారి తప్పుతాడా, పోయినవాళ్లు ఇంకా ఉన్నట్టు మాట్లాడతాడా, మాట మధ్యలో నిశ్శబ్దంలోకి వెళ్లిపోతాడా అని. రెండోది ప్రశ్నపత్రాలు. 1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ భార్యాభర్తల వంటి బంధాలకు అటాచ్‌మెంట్ ఆలోచనను వర్తింపజేశారు. 1991లో కిమ్ బార్తలోమ్యూ, లియొనార్డ్ హొరోవిట్జ్ ‘భయంతో దూరం జరిగేవాళ్లు’ అనే రకాన్ని వర్ణించారు. దగ్గరితనం కావాలి, దగ్గరైతే దెబ్బ తగులుతుందన్న భయమూ ఉంది. ఫోన్‌లో పది ప్రశ్నలకు టిక్ పెడితే ‘మీరు డిస్‌ఆర్గనైజ్డ్’ అని వచ్చేది ఈ రెండో రకానికి దగ్గర. పసిబిడ్డల వర్గం, ఈ టిక్కుల వర్గం ఒకటి కావు. ఒకటి నేరుగా రెండోదిగా మారుతుందనడానికి గట్టి ఆధారమూ లేదు.

అయినా ఆ అవస్థ నిజమే. పెళ్లయి ఏడాదైన జంటను ఊహించుకోండి. భర్త షార్జాలో. రాత్రి పదింటికి కాల్ రావాలి. పది నిమిషాలు లేటైతే ఆమెకు గుండె దడ. కాల్ వచ్చాక ఎత్తదు. ఎత్తితే పొడిగా మాట్లాడుతుంది. ‘నాతో ఇష్టం లేకపోతే చెప్పెయ్’ అంటుంది. ఆయన నిజంగా ఫోన్ పెట్టేస్తే, పాతిక మెసేజ్‌లు. లేదా ఇది తిరగేసి మగవాడి వైపు నుంచి చూడండి. భార్య ప్రేమగా ఏదైనా అడిగితే విసుగు, ఆమె పుట్టింటికి వెళ్తే నిద్ర పట్టదు. ఆమె కొంచెం గొంతు పెంచితే ఆయన కళ్లు ఖాళీ అయిపోతాయి, ఏం అడిగినా జవాబు రాదు. అవతలివాళ్లకు ఇది నాటకంలా, పొగరులా కనిపిస్తుంది. అత్తగారింట్లో అయితే దానికి ఇంకో పేరు పెడతారు. లోపల జరిగేది అదే పాత ఢీ, దగ్గరికి రా, దూరంగా పో.

ఇక్కడే అన్నిటికంటే ముఖ్యమైన తేడా గుర్తుంచుకోవాలి. కొట్టే భర్తను చూసి భార్య బిగుసుకుపోతే అది ఆమె అటాచ్‌మెంట్ సమస్య కాదు. అది ప్రమాదం. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడు పాపం అని కొట్టేవాణ్ని భరించమనడానికి ఈ శాస్త్రంలో చోటు లేదు. పెద్దలు కూర్చుని ‘సర్దుకుపో బేటీ’ అనే ముందు, ఆ ఇంట్లో ఏడాది బిడ్డ ఉందా, ఆ గొడవలు చూస్తోందా అని అడగాలి. మహిళల హెల్ప్‌లైన్ 181 రాత్రీపగలూ పనిచేస్తుంది.

మారుతుందా?

మారుతుంది. దీనికి ఆధారం ఉంది. అమెరికాలో మేరీ డోజియర్ బృందం, నిర్లక్ష్యం జరుగుతోందని అధికారుల దృష్టికొచ్చిన కుటుంబాల ఇళ్లకు మనుషుల్ని పంపింది. పది సార్లు వెళ్తారు, గంట సేపు ఉంటారు. ఉపన్యాసం ఇవ్వరు. తల్లి బిడ్డతో ఆడుతుంటే పక్కన కూర్చుని, ‘వాడు ఏడవగానే ఎత్తుకున్నారు, చూడండి ఎలా ఊరుకున్నాడో’ అని అప్పటికప్పుడు చెబుతారు. ఏడిస్తే దగ్గర తీసుకోవడం, ఆటలో బిడ్డ దారిన పోవడం, భయపెట్టే పనులు మానడం, నేర్పేది ఈ మూడే. 2012లో వచ్చిన ఫలితాల్లో, ఈ సాయం అందిన పిల్లల్లో 32 శాతం చెదిరిన గుంపులో ఉంటే, వేరే రకం సాయం అందినవాళ్లలో 57 శాతం ఉన్నారు.

మన ఇళ్లకు ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి. అన్నం తినకపోతే ‘పోలీసోడికి పట్టిస్తా’, ‘నిన్నిక్కడే వదిలేసి పోతా’ అనే బెదిరింపులు మానొచ్చు. ఒకసారి అన్నంత మాత్రాన బిడ్డ చెదిరిపోదు గానీ, రోజూ అదే పాట అయితే బిడ్డకు నిలిచే చోటు ఉండదు. కోపంలో అరిచేశాక ముఖం తిప్పుకుని పోకుండా తిరిగొచ్చి ‘అమ్మ గట్టిగా అరిచింది కదా, భయపడ్డావా, రా’ అనొచ్చు. పిల్లలకు సారీ చెబితే నెత్తికెక్కుతారని పెద్దవాళ్లు అంటారు. ఎక్కరు.

భార్యాభర్తల విషయంలో చిన్న చిన్న నిలకడలు పెద్ద పని చేస్తాయి. కాల్ చేస్తానన్న టైమ్‌కు చేయడం, కుదరకపోతే ముందే ఒక మెసేజ్. గొడవ మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే ‘అరగంటలో వస్తా’ అని చెప్పి వెళ్లి, అరగంటకే రావడం. ‘విడాకులిస్తా’, ‘ఖులా తీసుకుంటా’ అనే మాటల్ని గొడవలో ఆయుధంగా తీయకపోవడం. కష్టమైన బాల్యం గడిచినా, దాన్ని ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుకుని, అర్థం చేసుకుని తమ పిల్లల్ని భద్రంగా పెంచినవాళ్లు ఉన్నారు. పరిశోధకులు దాన్ని ‘సంపాదించుకున్న భద్రత’ అంటారు. ఆ మాట్లాడుకునే మనిషి మంచి జీవిత భాగస్వామి కావచ్చు, సైకాలజిస్టు కావచ్చు.

సాయానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలు ప్రమాదంలో ఉంటే 1098. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అనేది మన ఊళ్లలో తిట్టు అయిపోయింది గానీ, అక్కడి ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది చీటీ, మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికి పోయేవాళ్లే.

వెళ్లినప్పుడు ‘మా వాడిది డిస్‌ఆర్గనైజ్డ్ అటాచ్‌మెంట్’ అని చెప్పాల్సిన పని లేదు. బిడ్డ ఎప్పుడు బిగుసుకుపోతోంది, అంతకు ముందు ఏం జరిగింది, ఎవరి దగ్గర ఉన్నప్పుడు అలా చేస్తోంది, ఎవరి దగ్గర చేయట్లేదు, ఈ నాలుగూ వారం రోజులు ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్తే డాక్టర్‌కు సగం పని అయినట్టే. ఫోన్‌లో అప్పటి వీడియో ఉంటే ఇంకా మంచిది. దాన్ని స్టేటస్‌లో మాత్రం పెట్టకండి.